ఎల్లాజీ రాకలు

మాఘ శుద్ధ చవితి

ఎల్లాజీ వచ్చి వెళ్లాడు.

మా ఆయన పోయి పన్నెండేళ్లయింది. అయినా ఏడాదికి నాలుగుసార్లు ఇంటికొస్తాడు. బతికున్న రోజుల్లో మనిషికి ఇంత క్రమం లేదు. వేటకి పోయినవాడు చేపలు పడినా పడకపోయినా తనకి బుద్ధి పుట్టినప్పుడే వచ్చేవాడు. పోయాకే కుదురు నేర్చుకున్నాడని మా అత్తతో అంటే ఆవిడకి కోపం వస్తుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. ఈసారి మాత్రం నెల ముందే వచ్చాడు.

అప్పుడు నేను కొండ మీద వినికిడి గదిలో బ్యాటరీలకి పట్టిన ఉప్పు తుడుస్తున్నాను. తెర మీద గీత లేచింది. ముందు చిన్న వణుకు, కాస్త ఖాళీ, తర్వాత రెండు పొడుగాటి ఎగుళ్లు, చివర సన్నగా సాగే తోక. సముద్రం అడుగున, సొర రాయి అనే దిబ్బ దాటాక, రెండు భూమి పలకలు ఒకదాని కిందికి ఒకటి దూరే చోట ఒక చిన్న ముక్క ఉంది. చుట్టుపక్కల రాయంతా మెల్లగా జారుతుంటే అది మాత్రం పట్టుకుని ఉండి, ఇక ఆగలేక ఒక్కసారి జరుగుతుంది. మళ్లీ పట్టుకుంటుంది. ప్రతిసారీ అదే ముక్క, అంతే జరగడం. అందుకే ఆ గీత వెంట్రుకవాసి కూడా మారదు.

కడలి అడుగున పరిచిన గాజు తీగ ఆ కదలికని పట్టి నాకు పంపుతుంది. నేను మీట నొక్కితే ఒడ్డున మా అత్త ఇంట్లోని పెట్టెలోంచి అది చప్పుడై వినిపిస్తుంది, పడవని ఇసక మీదకి లాగినట్టు. నొక్కాను.

మాఘ శుద్ధ షష్ఠి

నీటి కొలత కర్రకి పట్టిన గుల్లలు గీకడానికి ఒడ్డుకి దిగాను. పనయ్యాక అత్త దగ్గరికెళ్లాను. మా అత్త నీలాలు అంటే దీవిలో అందరికీ హడలే, ఒక్క నాకు తప్ప. సముద్రం వైపు తలుపు బార్లా తీసి, గడప మీద ఎండిపోయిన అన్నం ముద్దని కాకులకి వేస్తోంది.

"నెల ముందే ఒచ్చీనాడు సూసినావా?" అంది. మొహం వెలిగిపోతోంది. "కూర ఏటీ లేదు ఇంట్లో. ఒట్టి సారే పోసినాను. ఏటనుకున్నాడో."

"ఏటనుకుంటాడత్తా. బతికున్నప్పుడూ చారే కదా పోశావు."

చీపురు విసిరింది. తగల్లేదు.

కొత్తగా చదివేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం ఇది రాసి పెట్టాలి. పెద్ద కెరటం వచ్చి పోయాక పెద్ద నేల నుంచి మనుషులొచ్చి తీగ పరిచి, నాకు పని నేర్పి వెళ్లారు. కొన్నాళ్లు వింటే తెలిసింది, ఇలా తిరిగి తిరిగి వచ్చే చిన్న అదుర్లు మా చుట్టూ నలభై దాకా ఉన్నాయని. ఒక్కోదానిది ఒక్కో నడక. నేను వాటికి నెంబర్లు వేసుకున్నాను. ఊరు ఒప్పుకోలేదు. కెరటంలో పోయినవాళ్లలో ఎవరి శవమూ దొరకలేదు, చెప్పుకుని ఏడవడానికి ఒక గుర్తు లేదు. చివరికి ఏ అదురు ఎవరిదో తేల్చడానికి, పోయిన మనిషికో చీటీ తీశారు. చీటీలు మడిచింది నేనే. ఎల్లాజీకి సొర రాయి వెనకది వచ్చింది.

పన్నెండేళ్లలో చీటీల సంగతి అందరూ మరిచిపోయారు. దాన్ని రాక అంటారు. రాక వచ్చేవేళకి ఇంట్లో మనిషి ఉండాలి, సముద్రం వైపు తలుపు తీసి ఉండాలి, మొదటి ముద్ద గడప మీద పెట్టాలి. మూసిన ఇంటికి వచ్చిన మనిషి ఇక మళ్లీ రాడట. అందుకనే ఒకసారి ఊరంతా ఊడ్చుకుపోయిన చోటే, అలలకి ఇంత దగ్గరగా, మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. నేను నవ్వుకుంటూనే ఉంటాను. అలాగని ఎల్లాజీ గీత లేచినప్పుడు నా గుండె ఆగని రోజు ఒక్కటీ లేదు.

మాఘ బహుళ దశమి

మళ్లీ వచ్చాడు. నెల తిరగలేదు.

ఎల్లాజీ ఒక్కడే కాదు. పడమటి వైపు వాళ్లందరూ తొందర పడుతున్నారు. సత్తెమ్మ కూతురు వచ్చింది. కులపెద్ద గురువులు మావ తమ్ముళ్లిద్దరూ ఒకే పూట వచ్చారు. ఒడ్డున పండగలా ఉంది. పొద్దున్నే వాకిళ్లు అలికి, దొరికిన మంచి చేపల్ని గడపల కోసం దాస్తున్నారు.

ఈ రోజు ఆకాశ కొలత, అంటే దీవి ఎక్కడుందో ఉపగ్రహాలు చెప్పే లెక్క, చూశాను. మామూలుగా మా దీవి ఏడాదికి వేలెడంత తూర్పుకి జరుగుతుంది, పలక వెనక నుంచి నెడుతుంది కాబట్టి. ఈ నెలలో ఆగి, పడమరకి తిరిగింది. పగుల్లేదు, చప్పుడు లేదు. మనం అన్నం తింటూ, వలలు కుట్టుకుంటూ ఉండగానే నేల మొత్తం చాప కింద నీరులా సముద్రం వైపు జారుతోంది. జారుడు ఎంత వేగంగా ఉంటే చిన్న ముక్కలు అంత త్వరత్వరగా ఊడతాయి. పాపం, రాకలంటే ఇదే.

నా భయం మాట్లాడేవాళ్ల గురించి కాదు. సొర రాయికి దక్షిణాన, దీవికి ఎన్నో రెట్ల పొడుగున, ఒక పెద్ద ముక్క ఉంది. పన్నెండేళ్లలో అక్కడి నుంచి ఒక్క గీత లేవలేదు. కెరటం వచ్చిన రోజు దానికి రెండు పక్కలా తెగింది, అది తెగలేదు. దాని మీద చీటీ వేయలేదు, ఎవరి పేరూ లేదు. నేను దాన్ని మూగది అంటాను. చుట్టూ ఇంతమంది మాట్లాడుతుంటే అది వింటూ కూర్చుంది.

ఫాల్గుణ శుద్ధ తదియ

పెద్ద నేలకి కొలతలన్నీ పంపాను. జవాబొచ్చింది. "గమనిస్తున్నాం. మీరూ గమనిస్తూ ఉండండి." ఇక ఆ దేవుడే దిక్కు.

గురువులు మావ ఇంటి ముందు ఊరిని కూర్చోబెట్టి చెప్పాను. కొండెక్కుదాం, ఈ జారుడు ఆగేదాకా పైనే ఉందాం, నీళ్ల తొట్టి ఉంది, రేకుల షెడ్డు ఉంది అన్నాను. అందరూ మావ వైపు చూశారు. ఆయన గెడ్డం గోక్కున్నాడు.

"ముందోపాలి కూడా ఇలాగే ఎక్కించినావు గదమ్మా," అన్నాడు మెల్లగా. "కొండని తవ్వి ఎలకని పట్టినట్టయింది. నీ తప్పు కాదులే. కానీ అప్పుడు తలుపులు మూసుకు ఎల్లిపోనాం."

సత్తెమ్మ లేచి నిలబడింది. మూడేళ్ల కిందట మేం పైన ఉన్నప్పుడే ఆమె కూతురి రాక వచ్చింది. తర్వాత ఏడాది పైన రాలేదు. జారుడు నెమ్మదించింది కనుక రాలేదు. ఆ మాట అప్పుడు వంద విధాల చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"నా పిల్లని రెండోపాలి సంపినావు," అంది సత్తెమ్మ. అరవలేదు. "ఇప్పుడిప్పుడే అలక తీరి వస్తంది. మళ్లీ గడప మూస్తే నానెవుల కోసం బతకాల?"

ఆ మాట అన్నందుకు ఆమె మీద కోపం రాలేదు.

ఫాల్గుణ శుద్ధ ద్వాదశి

ఎల్లాజీ ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి వస్తున్నాడు. ఇంత తరచుగా పెళ్లయిన కొత్తలో కూడా ఇంటి పట్టున లేడు.

అత్తని ఒక్కదాన్నయినా పైకి తీసుకుపోదామని వెళ్లాను. చేపలకి ఉప్పు పట్టిస్తోంది. నేనూ కూర్చుని ఓ చెయ్యి వేశాను.

"అత్తా, పడవని పదిమంది తాడేసి లాగుతుంటే ఒక చోట అడుగు రాయికి తగులుకుందనుకో. లాగేవాళ్లు ఆగకపోతే ఏమవుద్ది?"

"తాడు తెగుద్ది, లేదా పడవ ఒక్కపాలి ఉరుకుద్ది. ముందున్నోడి కాళ్లు ఇరుగుతాయి."

"అదే జరగబోతంది. ఎల్లాజీ తొందరగా వస్తన్నాడని నువ్వనుకుంటన్నావు. లాగుడు ఎక్కువయింది."

ఉప్పు చేతులతోనే నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పింది నాకు అర్దమవలేదనుకోకు. ఆడు ఒస్తన్నాడు. ఆడెనక ఇంకేదో ఒస్తంది. అంతే కదా?"

"అంతే."

"మరి ఆడొచ్చేసరికి నాను లేకపోతే ఎలాగే? ఆ కెరటం నాడు కూడా ఆడు ఒడ్డుకే ఈదుకొచ్చుంటాడు. ఒడ్డున ఎవులున్నారు? అందరం కొండెక్కీసినాం. ఎవులూ లేరని తిరిగెల్లిపోనాడు."

పన్నెండేళ్లలో ఆవిడ ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఆ రోజు చెయ్యి పట్టి కొండెక్కించింది నేనే. ఇద్దరం బుట్టెడు చేపలూ పూర్తి చేశాం.

ఫాల్గుణ బహుళ పంచమి

నిర్ణయం చేసుకున్నాను. పొద్దున్నే ఒడ్డున ఇంటింటా ఉన్న పెట్టెలన్నిటికీ చప్పుడు ఆపేశాను. ఎవరొచ్చినా కింద వినపడదు.

గీత ప్రతిసారీ ఒకటేనని ముందే రాశాను కదా. అంటే పోయిన నెల ఎల్లాజీ, ఈ నెల ఎల్లాజీ, నేను రికార్డు చేసి దాచిపెట్టిన ఎల్లాజీ, అందరూ ఒక్కరే. పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏది ఎప్పటిదో నాకే తెలియదు. కొండ మీద తుఫాను హెచ్చరికలు చెప్పే పెద్ద మైకు ఉంది. అందులోంచి రాక వినిపిస్తే పోయినవాళ్లు కొండెక్కారనుకుంటారు. అనుకోవాలి.

ఇది దొంగతనమో, ద్రోహమో, ఇంకేమంటారో నాకు తెలియదు. చచ్చినవాళ్ల గొంతు పెట్టి బతికున్నవాళ్లని పిలవడం. ఎవరైనా నాకు అలా చేస్తే వాళ్ల మొహం చూడను.

ఫాల్గుణ బహుళ అష్టమి

మూడు రోజుల్నించి కింద ఒక్క పెట్టె మోగలేదు. ఒడ్డంతా చావు ఇల్లులా ఉందని నీళ్లకొచ్చిన వాళ్లు చెప్పారు. సత్తెమ్మ అన్నం మానేసిందట.

ఈ రోజు నీళ్లు వెనక్కి తగ్గే పాటు వేళ, ఎండ ఇంకా నెత్తి మీదికి రాకముందు, మైకులో ఎల్లాజీని పెట్టాను. కాసేపాగి సత్తెమ్మ కూతుర్ని. తర్వాత గురువులు మావ తమ్ముళ్లని. చప్పుడు లోయలోకి దొర్లి, సముద్రం దాకా పోయింది.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత దారిలో ఒక మనిషి కనపడింది. మా అత్త. నెత్తి మీద అన్నం కుండ, చేతిలో కర్ర. ఆవిడ వెనక సత్తెమ్మ, ఆ వెనక ఒక్కొక్క ఇల్లే. సాయంత్రానికి నలభై ఇళ్లూ షెడ్డులో ఉన్నాయి.

ఫాల్గుణ బహుళ దశమి

ఇది జరిగిపోయాక రాస్తున్నాను.

పొద్దున్న తెర మీద గీతలు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు కాదు. ఎల్లాజీ తోక ఆగకముందే ఇంకొకరు, వాళ్ల మీద ఇంకొకరు. ఆకాశ కొలత చూస్తుండగానే జరుగుతోంది. అప్పటిదాకా పెట్టె చెబితేనే తెలిసే అదుర్లు ఇప్పుడు కుండల్లో నీళ్లని వణికించాయి. షెడ్డులో అందరూ లేచారు.

"ఇయ్యి నేల్లోంచి ఒస్తన్నాయి," అంది సత్తెమ్మ. మైకు వైపు చూసింది. మైకు ఊరికే ఉంది. "మనోలు కిందున్నారు. ఇళ్లలో ఎవులూ లేరు."

ఇక దాచేది లేకపోయింది. దారికి అడ్డంగా నిలబడ్డాను. మైకులో పెట్టింది నేను దాచినవేనని, పైకి ఎవరూ రాలేదని, మిమ్మల్ని ఎక్కించడానికి చేశానని చెప్పాను. కిందికి పోతే చస్తారని చెప్పాను. ఎవరో నా మొహాన ఉమ్మేశారు. తుడుచుకోలేదు.

మా అత్త అన్నం కుండ పట్టుకొచ్చి దారి మధ్యన, నా పక్కనే చతికిలబడింది.

"నాకు మొన్నే తెల్సు," అంది అందరికీ వినపడేలా. "మైకులో పలికింది గానీ నా అరికాలికి తగల్లేదు. ఆడొస్తే పెట్టె కంటే ముందు నా అరికాలికి తెలుస్తాది."

"తెలిస్తే ఎందుకొచ్చావత్తా?"

"ఇదేటి, ఆడి గొంతు పెట్టుకుని కొండ మీద ఒక్కర్తీ కూకుంది, దీనికి పిచ్చెక్కిందేమోనని ఒచ్చినాను. ఆడికి వొండి పెట్టడానికి నానున్నాను. నీకెవులున్నారే?"

కుండలోంచి మొదటి ముద్ద తీసింది. గడప మీద పెట్టే ముద్ద అది. పన్నెండేళ్లుగా ఆవిడ దాన్ని మనిషికి పెట్టగా చూడలేదు. నా నోటి దగ్గర పెట్టింది.

"తిను. ఆడు నాకోసం ఒచ్చేవోడైతే నానున్న కాడికే ఒస్తాడు. ఇంటి కోసమే ఒస్తన్నాడంటే, ఆ ఇల్లు ఆడికే ఇచ్చీసినాను."

ఉమ్మి తడి ఆరని మొహంతో తిన్నాను. సగం మంది కూర్చున్నారు. సత్తెమ్మ కూర్చోలేదు. నన్ను తోసుకుని దిగబోతుంటే గురువులు మావ ఆమె భుజం పట్టి ఆపాడు.

"నీ గుంటపిల్ల కోసం నానెల్తాను," అన్నాడు. "అందరి గడపల కాడా నానే ముద్ద పెడతాను. కులపెద్దని కదా, ఎవులూ కాదనరు. మీరిక్కడే ఉండండి."

"వద్దు మావా," అన్నాను. కాళ్లు పట్టుకున్నాను.

"ఒదులమ్మా. నువ్వు బతికున్నోల లెక్క సూసుకున్నావు. పోయినోల లెక్క ఎవులో ఒకలు సూడాల కదా."

విడిపించుకుని వెళ్లాడు. ముసలి కాళ్లు, అయినా త్వరగా దిగాడు. ఆయన మొదటి ఇంట్లోకి వంగి వెళ్లడం, బయటికి రావడం, రెండో ఇంట్లోకి వెళ్లడం పై నుంచి అందరం చూశాం. సగం వరస దాటాడు.

అప్పుడు మూగది పలికింది. దాని గురించి రాయడానికి నాకు మాటలు రావు. నిలబడ్డవాళ్లు ఎవరూ లేరు. నేల మీద పడుకుని ఒకరినొకరు పట్టుకున్నాం. ఇక ఆగదేమో అనుకున్నాక ఆగింది. సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది. గురువులు మావ బయటికొచ్చి దాన్ని చూశాడు. మేం అందరం పేరు పెట్టి పిలిచాం. పైకి పరిగెత్తుతాడనుకున్నాను. పక్కింట్లోకి వెళ్లాడు.

చైత్ర శుద్ధ సప్తమి

ఉగాది ఎవరికీ గుర్తు రాలేదు.

ఒడ్డున ఒక్క గడపా లేదు. కొండ మీద అందరూ ఉన్నారు, ఒక్క గురువులు మావ తప్ప.

తీగ తెగలేదు. గీతలు లెక్కలేనన్ని వస్తున్నాయి. నేల సర్దుకుంటోంది. వాటిలో పాత నడకలు ఒక్కటీ లేవు. ఒకప్పటి ముక్కలన్నీ ఆ పెద్ద తెగుడులో కలిసిపోయాయి. సొర రాయి వెనక పూర్తిగా నిశ్శబ్దం. మేం వెతికి వెతికి పేర్లు పెట్టుకున్న నలభై మందీ ఒక్క పూటలో పోయారు.

సత్తెమ్మ వచ్చింది. నాతో మాట్లాడ్డం ఇదే మొదలు. కొత్తగా తిరిగి తిరిగి వచ్చేదేదైనా దొరికితే గురువులు మావ పేరు పెట్టమంది. చూస్తానన్నాను. చీటీలు మాత్రం మడవనని చెప్పాను. ఆమె తల ఊపి, కాసేపు తెర వైపు చూసి, నా పక్కనే నేల మీద పడుకుని నిద్రపోయింది. ఎన్ని రోజుల తర్వాతో.

చైత్ర శుద్ధ దశమి

మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్త వినికిడి గదికి వచ్చింది. ఇదివరకెప్పుడూ ఈ గదిలో అడుగు పెట్టలేదు. స్టూలు మీద కూర్చుని, బ్యాటరీలు, తెర, తీగలు అన్నీ ఒకసారి చూసింది.

"ఆడు రావటం లేదా?"

"లేదత్తా. ఇక రాడు."

"నువ్వు దాసినావు కదా. అది పెట్టు."

"అది ఎల్లాజీ కాదు. నీకు తెలుసు."

"తెల్సు. పెట్టు."

పెట్టాను. చిన్న వణుకు, కాస్త ఖాళీ, రెండు ఎగుళ్లు, తోక. గదిలో వినిపించి ఆగిపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని విన్నది.

"ఆడు కాదు," అంది.

బయట షెడ్డులో ఎవరో పొయ్యి రాజేస్తున్నారు.

"మళ్లీ పెట్టు," అంది.